ఉన్మాద నిర్ణయం – న్యాయస్థాన పరీక్ష: ఉత్తరాంధ్ర నేపథ్యం

ఒక వ్యక్తి ఉన్మాది అవునో కాదో నిర్ణయించవలసినది వైద్యుడా, న్యాయాధికారియా? 1858 నాటి 36వ చట్టం ఆ బాధ్యతను ఇద్దరికీ పంచింది. దిక్కులేక తిరిగే మతిభ్రష్టుణ్ణి పోలీసులు మేజిస్ట్రేటు ఎదుట నిలపాలి. ఆయన వైద్యాధికారి సహాయంతో పరీక్షించి ఉత్తర్వు ఇవ్వాలి. మద్రాసు రాజధానిలోని మూడు ఉన్మాదాలయాలలో ఒకటి విశాఖపట్టణంలో ఉండేది. అప్పటికి విజయనగరం విశాఖపట్టణం జిల్లాలోను, శ్రీకాకుళం గంజాం జిల్లాలోను ఉండేవి.

1912 చట్టం వైద్యనివేదిక కోసం ఉంచే నిర్బంధాన్ని ఒక్కొక్క పర్యాయానికి 10 రోజులకు, మొత్తం 30 రోజులకు పరిమితం చేసింది. 2017 చట్టమూ మేజిస్ట్రేటు ఆదేశించే పరీక్షకు 10 రోజులనే గరిష్ఠ గడువుగా నిర్ణయించింది. అయితే పరిభాష మారింది. మానసిక అనారోగ్యం ఉన్నంత మాత్రాన వ్యక్తిని మతిస్థిమితం లేనివాడుగా భావించరాదని, అది న్యాయస్థానం ప్రకటించవలసిన విషయమని కొత్త చట్టం స్పష్టం చేసింది. తెలుగు వాడుక మాత్రం రెంటినీ ‘పిచ్చి’ అనే ఒక్క మాటలో కలిపివేస్తున్నది.

ఇటువంటి పరీక్షలో వ్యక్తి పలికే మాటే ప్రధాన సాక్ష్యం. శ్రీకాకుళపు పలుకుబడి తెలియని చెవికి సహజమైన నుడికారమూ అసంబద్ధ ప్రలాపంగా తోచవచ్చు. అక్కడ పొరబడితే పోయేది మాట కాదు, మనిషి స్వేచ్ఛ. కనుక మాండలిక పరిశోధన న్యాయానికీ అవసరమైన విద్యయే.