పెరటి చెట్టు: జిమ్మీ హోగన్ కథ

స్వర్ణోత్సవ సంచికకు ఒక వ్యాసం కావాలని కమిటీ మిత్రులు అడిగారు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కనుక మన ఊరి చరిత్ర రాస్తాననుకున్నారు. నేను మాత్రం ఒక ఇంగ్లీషు ఫుట్‌బాల్ ఆటగాడి గురించి రాస్తున్నాను. ఎందుకో చివర్లో మనవి చేస్తాను.

ఆయన పేరు జిమ్మీ హోగన్. 1882లో లాంకషైర్‌లోని నెల్సన్ అనే నేత మిల్లుల ఊళ్లో పుట్టాడు. ఆటగాడిగా పెద్ద పేరున్నవాడు కాదు. బర్న్‌లీ, ఫుల్హామ్, స్విండన్, బోల్టన్ అంటూ క్లబ్బు తర్వాత క్లబ్బు మారుతూ జీతానికి ఆడినవాడు. దేశం తరఫున ఆడే అవకాశం ఒక్కసారీ రాలేదు.

బర్న్‌లీలో ఉండగా ఒకనాడు ఆయన కొట్టిన బంతి గోల్‌పోస్టు మీదుగా పోయింది. తప్పు ఎక్కడ జరిగింది, కాలు సరిగా పెట్టలేదా అని మేనేజర్‌ను అడిగాడు. కొడుతూ ఉండు, పదింటిలో ఒకటి పడితే చాలు అన్నాడట ఆయన. హోగన్‌కు ఆ జవాబు సరిపోలేదు. మిగతా తొమ్మిదీ ఎందుకు పోతున్నాయో తెలుసుకోవాలనిపించింది. ఆయనలోని ఉపాధ్యాయుడు అక్కడే పుట్టాడని నా నమ్మకం.

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో శిక్షణంటే మైదానం చుట్టూ పరుగులు, వ్యాయామం. వారమంతా బంతి ఇవ్వకపోతే శనివారం మ్యాచ్‌లో దానికోసం ఆకలిగా ఉంటారని ఒక వాదన. హోగన్ లెక్క వేరు. బంతి కాలికి అలవాటు కావాలి, పాస్ నేలమీద పోవాలి, ప్రతి ఆటగాడూ ఆలోచించాలి. ఈ మాట ఇంగ్లండ్‌లో వినేవాళ్లు తక్కువ. అందుకని 1910లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండే వేళకు, హాలండ్‌లోని డోర్‌డ్రెక్ట్ వెళ్లి కోచ్‌గా చేరాడు. అంతకుముందు బోల్టన్ జట్టుతో వెళ్లి 10–0తో ఓడించి వచ్చిన క్లబ్బు అదే! ఓడిన ఆ కుర్రాళ్లకు ఆట నేర్పాలని ఆనాడే అనుకున్నాడట. అక్కడ నల్లబల్ల మీద సుద్దముక్కతో ఆట వివరించేవాడు.

1912లో ఆస్ట్రియా ఫుట్‌బాల్ పెద్ద హ్యూగో మైజల్ ఆయన్ను వియన్నాకు పిలిపించుకున్నాడు. 1914లో యుద్ధం వచ్చింది. శత్రుదేశపు పౌరుడని హోగన్‌ను అరెస్టు చేశారు. భార్యాపిల్లలు ఇంగ్లండ్ చేరుకున్నారు, ఆయన ఉండిపోయాడు. చివరికి బుడాపెస్ట్‌లోని ఎంటీకే క్లబ్బు ఆయన్ను కోచ్‌గా తీసుకుంది. అక్కడ ఒక పార్కులో ఆడుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లను చూసి చేరదీశాడు. ఒర్త్, బ్రౌన్ అనే ఆ ఇద్దరూ తర్వాత దేశం మెచ్చిన ఆటగాళ్లయ్యారు. 1917 నుంచి 1925 దాకా వరసగా హంగేరీ లీగ్ టైటిల్ ఎంటీకేదే.

యుద్ధం ముగిశాక చేతిలో డబ్బులేక ఇంగ్లండ్ వచ్చాడు. యుద్ధంవల్ల నష్టపోయిన వృత్తి ఆటగాళ్లకు ఫుట్‌బాల్ సంఘం సాయం చేస్తోందని విని వెళ్లి అడిగాడు. కార్యదర్శి ఫ్రెడరిక్ వాల్ ఆయన చేతిలో మూడు జతల ఖాకీ మేజోళ్లు పెట్టాడు. యుద్ధరంగంలో మన కుర్రాళ్లు వీటికే సంతోషించారన్నాడు. శత్రుదేశంలో కూర్చున్నవాడివన్న ఎత్తిపొడుపు అది. హోగన్ దాన్ని మరిచిపోలేదు.

మళ్లీ బయటి దేశాల బాట పట్టాడు. స్విట్జర్లాండ్, హంగేరీ, జర్మనీ. 1932లో ఆస్ట్రియా జట్టును లండన్ మ్యాచ్‌కు సిద్ధం చేశాడు. ఇంగ్లండ్ 4–3తో గట్టెక్కింది. 1934లో ఫుల్హామ్ మేనేజర్‌గా పిలిచింది కానీ, అనుభవమున్న ఆటగాళ్లకు కోచింగ్ దేనికని కొన్ని నెలలకే తీసేసింది. అప్పుడాయన ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో ఉన్నాడు. అయితే అందరూ అలా చేయలేదు. ఆస్టన్ విల్లా ఆయన్ను నమ్మింది, 1938లో రెండో డివిజన్ గెలిచింది.

1953 నవంబరు 25. వెంబ్లీలో లక్షకు పైగా జనం. బ్రిటిష్ దీవుల అవతలి ఏ జట్టూ అప్పటిదాకా ఇంగ్లండ్‌ను సొంతగడ్డ మీద ఓడించలేదు. ఆ రోజు హంగేరీ 6–3తో ఓడించింది. తమకు తెలిసిన ఆటంతా జిమ్మీ హోగన్ నేర్పిందేనని హంగేరీ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు సాండోర్ బార్చ్ చెప్పాడు. డెబ్బై ఒక్కేళ్ల హోగన్ ఆస్టన్ విల్లా కుర్రాళ్లను వెంటబెట్టుకుని ప్రేక్షకుల మధ్య కూర్చుని ఆ మ్యాచ్ చూశాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఆ చెట్టు మందు ఎంత పనిచేస్తుందో ఇంగ్లండ్‌కు ఓడాక తెలిసింది.

హోగన్ 1974 జనవరిలో బర్న్‌లీలో కన్నుమూశాడు. ఆ జూలైలో పశ్చిమ జర్మనీ ప్రపంచకప్ గెలిచింది. ఆ జట్టు కోచ్ హెల్ముట్ షోన్, డ్రెస్డెన్‌లో కుర్రాడిగా ఉన్నప్పుడు హోగన్ దగ్గర ఆట నేర్చుకున్నవాడే.

ఇక కారణం. మనకు ముప్పైమందికి ఒకే బంతి ఉన్న రోజుల్లో, దాన్ని ఎత్తుగా తన్నితే విజిల్ వేసి ఆట ఆపేసిన డ్రిల్ మాస్టారు మీలో చాలామందికి గుర్తుండే ఉంటారు. పుల్లతో నేలమీద గీతలు గీసి, ఎవరు ఎక్కడికి పరిగెత్తాలో చూపేవారు. అదంతా చాదస్తమని వెనక నవ్వుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఉద్యోగంలో చేరాక ఒక్కసారైనా వెళ్లి పలకరించలేదు. ఈ సంచికకోసం పాత గ్రూప్ ఫొటోలన్నీ వెతికాం. ప్రధానోపాధ్యాయులున్నారు, ఫస్టు వచ్చినవాళ్లున్నారు. మాస్టారు ఒక్కదాంట్లోనూ లేరు. ప్రతిసారీ ఫొటోగ్రాఫర్ పక్కన నిలబడి మన వరసలు సరిచేసింది ఆయనే కదా!

మీలో ఎవరి దగ్గరైనా ఆయన ఫొటో ఉంటే దయచేసి సంఘానికి పంపండి. ఆఫీసు గదిలో ప్రధానోపాధ్యాయుల వరసలో ఒక మేకు కొట్టి ఉంచాం.