పికప్ బండ్లు: కొల్లేరు గట్ల మీద ఏ బండి నిలుస్తుంది? కొనేముందు చూడాల్సిన లెక్కలు ఇవే..

తెల్లవారుజామున చెరువు దగ్గర పట్టుబడి. ట్రేలలో చేప, పైన ఐసు. ఎండ ఎక్కేలోపు సరుకు ప్యాకింగ్ దగ్గరికి చేరాలి. సరిగ్గా అప్పుడే గట్టు మీద బండి మొరాయిస్తే? ఐసు కరుగుతుంది, చేప మెత్తబడుతుంది, రేటు పడిపోతుంది. కిరాయి పోతుంది. నెలాఖరుకి ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు.

ఏలూరు, కైకలూరు, ఆకివీడు, తాడేపల్లిగూడెం వైపు పికప్ నడిపేవాళ్లకు 'గట్టి బండి' అంటే ఇదే. యాడ్‌లో కొండలెక్కే బండి కాదు, పొద్దున్నే సెల్ఫ్ కొడితే స్టార్టయ్యే బండి. మరి ఇక్కడి రోడ్ల మీద బండి ఎందుకు త్వరగా పాడవుతుంది? ఏం చూసి కొనాలి? ఎలా కాపాడుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ ప్రాంతం బండికి ఎందుకు కష్టం?

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగుల నీళ్లన్నీ ఇందులోకే వస్తాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కి.మీ. పారి సముద్రంలో కలుస్తుంది. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. చుట్టుపక్కల ఊళ్లకు మాత్రం బతుకంతా చేప, రొయ్య, వరి.

బండి కోణంలో చూస్తే ఇక్కడ మూడు శత్రువులు.

ఒకటి, నేల. డెల్టా బంకమట్టి ఎండితే నెర్రెలు బారుతుంది, తడిస్తే జారుతుంది. చెరువు గట్ల మీద వేసిన దారులు ఒక పక్కకి కుంగుతాయి. లోడు బండి రోజూ అలా వాలి నడిస్తే ఒక వైపు కమాన్ పట్టీలు, టైర్లు ముందుగా పోతాయి.

రెండు, ఉప్పు. ఉప్పుటేరు వైపు, రొయ్యల చెరువుల దగ్గర నీళ్లలో ఉప్పు ఉంటుంది. దానికి తోడు ట్రేల నుంచి కారే చేప నీళ్లు. ఇవి బాడీ సందుల్లోంచి నేరుగా ఛాసిస్ మీద పడతాయి. పైన పెయింట్ మెరుస్తూనే ఉంటుంది, కింద ఇనుము పొరలు పొరలుగా లేస్తుంది.

మూడు, వరద. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీళ్లు తర్వాత కొల్లేరుకే చేరాయి. ఏలూరు - కైకలూరు రోడ్డు మీదికి నీళ్లెక్కి రాకపోకలు ఆగాయి. లంక గ్రామాల వాళ్లకు ఇది కొత్తేం కాదు, పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు.

తాడేపల్లిగూడెం లెక్క వేరు. అక్కడ ఉల్లిపాయల మార్కెట్ పెద్దది, కర్నూలు నుంచి కూడా సరుకు వస్తుంది. 16వ నంబరు జాతీయ రహదారి పక్కనే. అక్కడి బండికి బురద తక్కువ, పరుగు ఎక్కువ. కాబట్టి గూడెంలో బాగా నడిచిన బండి కొల్లేరు గట్టు మీద కూడా అలాగే నడుస్తుందని అనుకోవద్దు.

మన రోడ్ల మీద కనిపించే బండ్లు ఏవి?

టాటా ఏస్: 2005లో వచ్చింది. అందరికీ 'చోటా హాథీ'గా తెలుసు. తొలి మోడల్‌లో 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. మోత సుమారు 750 కిలోలు. ఇరుకు సందుల్లో తిరుగుతుంది, రిపేర్ తేలిక. బరువైన లోడుకి, లోతు బురదకి చేసిన బండి కాదు.

మహీంద్రా బొలెరో పికప్: ఊళ్లలో ఒట్టి 'బొలెరో' అంటే చాలాసార్లు ఇదే. 1.3 టన్నులు, 1.7 టన్నులు ఇలా మోతను బట్టి రకాలున్నాయి. పెద్ద ఇంజిన్, పొడవాటి ట్రాలీ.

అశోక్ లేలాండ్ దోస్త్: 2011లో వచ్చింది. మోత 1.25 టన్నులు. ఆ తర్వాత దోస్త్ ప్లస్, 2020లో బడా దోస్త్ వచ్చాయి.

టాటా ఇంట్రా: 2019లో వచ్చింది. ఏస్‌కీ పెద్ద పికప్‌లకీ మధ్య ఖాళీని నింపిన బండి.

ఇసుజు డీ-మ్యాక్స్: మన రాష్ట్రంలోనే, శ్రీసిటీ ప్లాంట్‌లో తయారవుతుంది. ఈ ప్లాంట్ 2016లో మొదలైంది.

వీటిలో ఏది బెస్ట్ అంటే ఒక్క పేరు చెప్పడం కుదరదు. రోజూ ఎంత లోడు వేస్తారు, ఎలాంటి దారిలో తిరుగుతారు, బండి ఆగితే స్పేర్ పార్టు ఎంత దూరంలో దొరుకుతుంది. ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే మీ బండి ఏదో మీకే తెలుస్తుంది. పార్టు కోసం రెండు రోజులు షెడ్డులో నిలబడే బండి ఎంత గట్టిదైనా ఏం లాభం?

బస్తాల లెక్క: అసలు ఎంత మోయాలి?

ధాన్యం బస్తా 75 కిలోలు అనుకుందాం. 1,300 కిలోల మోత ఉన్న బండికి 17 బస్తాలు. అంతే. 30 బస్తాలు వేస్తే 2,250 కిలోలు, అంటే దాదాపు టన్ను అదనం. చేపల లోడులో అయితే చేప బరువొక్కటే చూస్తారు. ఐసు, ట్రేలు, నీళ్ల బరువు లెక్కలోకి రాదు. మోసం అక్కడే జరుగుతుంది.

'మా బండి మోస్తుందిలే, అదనంగా రెండు పట్టీలు వేయించాం' అనే మాట తరచూ వినిపిస్తుంది. నిజమే, పట్టీలు వేస్తే బండి వెనక కుంగదు. కానీ బ్రేకులు పెరగవు. యాక్సిల్, హబ్ బేరింగులు, ఛాసిస్ అవే ఉంటాయి. మోయడం వేరు, ఆగడం వేరు. లోడుతో గట్టు దిగేటప్పుడు అడ్డంగా గేదె వస్తే అప్పుడు తెలుస్తుంది తేడా.

చట్టం సంగతి కూడా చూడాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 ప్రకారం ఓవర్‌లోడుకు రూ.20,000, ఆపైన అదనపు టన్నుకు రూ.2,000 చొప్పున జరిమానా. 2019 సవరణతో ఈ మొత్తాలు వచ్చాయి. పైగా ఎక్కువైన సరుకును అక్కడే దించాలి.

సరుకు బండిలో మనుషులొద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. 2024 సెప్టెంబరులో తూర్పుగోదావరి జిల్లా దేవరపల్లి మండలంలో జీడిపిక్కల బస్తాలతో వెళ్తున్న మినీ వ్యాన్ బోల్తా పడింది. ఏలూరు జిల్లా టి.నరసాపురం మండలం నుంచి బయల్దేరిన బండి అది. బస్తాల కింద చిక్కుకుని ఏడుగురు కూలీలు చనిపోయారు.

పట్టుబడికి వెళ్లే కూలీలు, వల లాగేవాళ్లు ట్రేల మీద కూర్చుని ప్రయాణించడం మన దగ్గర రోజూ కనిపించేదే. బండి ఎంత గట్టిదైనా వెనక కూర్చున్నవాళ్లకు సీటు లేదు, బెల్టు లేదు. సరుకు బండిలో అలా మనుషుల్ని ఎక్కించడం నేరం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ పరిహారం దగ్గర కూడా చిక్కు వస్తుంది. కూలీలకు వేరే ఆటో మాట్లాడితే అయ్యే ఖర్చు, ఆ నష్టం ముందు ఎంత?

గట్టి బండినీ తుప్పు వదలదు

2003లో బీబీసీ 'టాప్ గేర్' షోలో పాత టయోటా హైలక్స్‌ను పరీక్షించారు. సముద్రపు పోటులో వదిలేశారు, నిప్పు పెట్టారు, చివరికి కూల్చేసే భవనం పైకెక్కించారు. అయినా రిపేర్ చేస్తే స్టార్టయింది. ప్రపంచమంతా 'వాహ్' అంది.

అదే టయోటా 2016లో అమెరికాలో తుప్పు కేసులో సెటిల్‌మెంట్‌కు వచ్చింది. టకోమా సహా కొన్ని మోడళ్ల ఫ్రేములకు తుప్పు నుంచి తగిన రక్షణ లేదన్నది ఓనర్ల ఆరోపణ. సుమారు 15 లక్షల బండ్లు, విలువ 340 కోట్ల డాలర్ల వరకు ఉంటుందని అంచనా వేశారు. తప్పును కంపెనీ ఒప్పుకోలేదు కానీ, తనిఖీలకు, అవసరమైతే ఫ్రేము మార్చడానికి అంగీకరించింది.

దీన్నుంచి మనకు తెలిసేది ఒకటే. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఇక్కడ చెరువుల్లోంచి ఉప్పు వస్తుంది. ఇంజిన్ లక్షల కిలోమీటర్లు తిరిగినా, ఛాసిస్ తిన్నాక బండి తుక్కే.

రోజూ చేయాల్సినవి..

* లోడు దించాక మంచినీళ్లతో కింద వైపు కడగాలి. పైన కడిగి కింద వదిలేయడమే పెద్ద పొరపాటు.
* ట్రాలీలో నీళ్లు నిలవకుండా చూడాలి. కారే నీళ్లు ఛాసిస్ మీద కాకుండా పక్కకి పోయేలా పైపు పెట్టించాలి.
* వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అండర్ కోటింగ్ చూపించాలి. తడి మీద, తుప్పు మీద కోటింగ్ కొట్టిస్తే లోపల ఇంకా తింటుంది.
* కమాన్ పిన్నులకు, షాఫ్ట్ జాయింట్లకు గ్రీజు. బురదలో తిరిగే బండికి మాన్యువల్‌లో రాసిన గడువు కన్నా ముందే పెట్టించాలి.
* బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు చూసుకోవాలి. 'సెల్ఫ్ తీసుకోవట్లేదు' అనే కంప్లైంట్ చాలాసార్లు అక్కడే తేలుతుంది.

బీఎస్-6 బండి ఉంటే ఇది గుర్తుంచుకోండి

2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నీ బీఎస్-6. చాలా డీజిల్ మోడళ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా స్పీడుగా నడవాలి. రోజంతా గట్ల మీద ఫస్ట్, సెకండ్ గేర్లలో తిరిగితే ఫిల్టర్ నిండిపోతుంది, లైటు వెలుగుతుంది, పికప్ తగ్గుతుంది. లైటు వచ్చాక కూడా పట్టించుకోకపోతే ఖర్చు పెద్దదవుతుంది. మాన్యువల్‌లో చెప్పినట్టు హైవే మీద ఒక రౌండ్ వేయడం, అప్పటికీ పోకపోతే సర్వీస్ సెంటర్‌కి వెళ్లడం మంచిది. ఫిల్టర్ పీకించేయడం పరిష్కారం కాదు, ఫిట్‌నెస్ దగ్గర దొరికిపోతారు.

నీళ్లలో బండి ఆగిపోతే?

వెంటనే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. ఎయిర్ ఫిల్టర్ దారిలో నీళ్లు సిలిండర్‌లోకి వెళ్లి ఉంటే, నీరు నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అప్పటిదాకా వేలల్లో ఉన్న ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. మామూలు పాలసీలో ఇలాంటి ఇంజిన్ నష్టం చాలాసార్లు కవర్ కాదు. రెన్యువల్ అప్పుడే ఏజెంట్‌ని ఈ ఒక్క ప్రశ్న అడగండి.

బ్యాటరీ వైరు తీసి, బండిని తోయించి బయటికి తేవాలి. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, వెనక హౌసింగ్ ఆయిల్ చూడాలి. పాల రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే, మార్చాల్సిందే. నీళ్లు దాటి బయటపడ్డ బండికి కూడా బ్రేకులు మెల్లగా రెండు మూడుసార్లు తొక్కి ఆరబెట్టుకున్నాకే స్పీడు పెంచాలి.

సెకండ్ హ్యాండ్ కొంటున్నారా?

వరదల తర్వాత కొన్ని నెలలకు తక్కువ రేటుకు బండ్లు మార్కెట్లోకి వస్తాయి. జాగ్రత్త.

* సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చూడండి. చివర బురద గీత ఉంటే మునిగిన బండే.
* బండి కింద పడుకుని ఛాసిస్‌ను స్క్రూడ్రైవర్‌తో తట్టండి. ఖంగుమంటే సరే. బొద్దుగా మోగినా, పొర లేచినా వదిలేయండి.
* ఛాసిస్ మీద కొత్త వెల్డింగ్, కొత్త నల్ల పెయింట్ ఎందుకుందో అడగండి.
* రెండు వైపులా కమాన్ పట్టీలు లెక్కపెట్టండి. కంపెనీ ఇచ్చినవాటికన్నా ఎక్కువుంటే ఆ బండి ఓవర్‌లోడు మోసిందనే అర్థం.
* ఆర్‌సీలో ఫైనాన్స్ తీరిందా, చలాన్లు ఉన్నాయా, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో ఆన్‌లైన్‌లో చూసుకోండి.

కాగితాల సంగతి

రవాణా వాహనానికి 8 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. లోడుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి. లైసెన్స్ విషయంలో 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టత ఇచ్చింది. లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ ఉన్నవాళ్లు మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని నడపొచ్చు. లైసెన్స్‌లో విడిగా ట్రాన్స్‌పోర్ట్ అని లేదన్న ఒక్క కారణంతో ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ కాదనడం ఇక కుదరదు.

చివరిగా ఒక మాట..

షోరూంలో పక్కపక్కనే నిలబెట్టిన రెండు బండ్లలో ఏది గట్టిదో ఎవరూ చెప్పలేరు. మూడు వానాకాలాలు గడిచాక చెప్పొచ్చు. రాసిచ్చిన మోత మేరకే వేసి, రాత్రి కింద కడిగి పడుకోబెట్టిన మామూలు బండి, రెట్టింపు లోడుతో పరుగెత్తించిన ఖరీదైన బండి కన్నా ఎక్కువ కాలం వస్తుంది. కొత్త బండి కొనాలనుకుంటే మీరు తిరిగే దారిలోనే, మీరు వేసే సరుకే వేసే ఒకరిద్దరు పాత ఓనర్లను పట్టుకోండి. మైలేజీ ఎంత అని కాదు, బండి ఏడాదిలో ఎన్ని రోజులు షెడ్డులో ఉందని అడగండి. ఆ జవాబే మీకు అసలు రివ్యూ.