శునకముఖులు, తోకమనుషులు: అండమాను నికోబారు దీవుల కథలు, నిజాలు

క్రీ.శ. 1298 ప్రాంతంలో, జెనోవా చెరలో ఉన్న వెనిస్ యాత్రికుడు మార్కో పోలో చెప్పగా గ్రంథస్థమైన యాత్రావృత్తాంతంలో ‘అంగమనైన్’ అనే పెద్ద దీవి ప్రస్తావన ఉంది. ఆ దీవి మనుష్యులకు కుక్క తలలు, కుక్క పళ్లు, కుక్క కళ్లు ఉంటాయనీ, పరజాతివారు చేజిక్కితే వారిని భక్షిస్తారనీ ఆ గ్రంథం చెబుతుంది. అది నేటి అండమాను దీవుల వర్ణనేనని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. ఆరు శతాబ్దాల అనంతరం ఆ దీవులలో నివసించి అక్కడి జనజీవనాన్ని పరిశీలించినవారు ఒక విశేషాన్ని నమోదు చేశారు. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ ప్రవాస శిక్షా స్థావరాన్ని నెలకొల్పేదాకా అండమాను ఆదిమజాతుల వద్ద కుక్కలు లేనే లేవు. శునకముఖుల దేశమని లోకం నమ్మిన చోట శునకమే లేదు.

బంగాళాఖాతంలో ఉత్తర దక్షిణాలుగా సుమారు 800 కిలోమీటర్ల మేర పరచుకొన్న ఈ ద్వీపమాలిక ప్రాచీన నౌకామార్గానికి పక్కనే ఉంది. నావికులు దీనిని దాటి వెళ్లేవారే కాని ఆగినవారు తక్కువ. ఆగనివారి నోటనే కథలు పెరిగాయి. 851 నాటి అరబ్బు వర్తకుల వృత్తాంతంలోనే అండమానువాసులు నరమాంసభక్షకులని ఉంది. 14వ శతాబ్దపు క్రైస్తవ సన్న్యాసి ఒడోరిక్ శునకముఖులను నికోబారుకు తరలించాడు. ఒక యాత్రికుడు అండమానులో ఉంచిన అద్భుతాన్ని మరొకడు అక్కడికి దక్షిణాన ఉన్న దీవులలో ఉంచడాన్ని బట్టి ఆ అద్భుతం దీవులకు చెందినది కాదనీ, యాత్రికులతోపాటు ప్రయాణం చేస్తున్నదనీ గ్రహించవచ్చును.

నిజానికి శునకముఖుడు అండమానుకంటె వయసులో పెద్ద. క్రీస్తుకు పూర్వమే గ్రీకు వైద్యుడు క్టీసియస్ భారతదేశపు కొండలలో కుక్కతలల మనుష్యులున్నారని రాశాడు. రోమను రచయిత ప్లినీ దానిని తన గ్రంథంలో చేర్చాడు. ఈ విషయంలో పరదేశీయులను చూసి నవ్వే అధికారం మనకూ లేదు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో దేశవిభాగం చేస్తూ, పేరెన్నికగన్న జనపదాల సరసనే శ్వముఖులు, తురగాననులు, ఏకచరణులు మొదలైన వారిని ఆయా దిక్కులలో నిలిపాడు. గ్రీకులకు ఇండియా ఎలాంటి అంచు దేశమో, ఉజ్జయినీ పండితునికి హిమాలయాల ఆవలి భూమి అలాంటిది. తెలిసిన భూమి విస్తరించే కొద్దీ వికృతరూపులు మరింత దూరానికి జరిగారు. వారికి ఎన్నడూ స్థిరనివాసం లేదు.

అయితే దీవులను గురించి పాతకాలమంతా కట్టుకథలే చెప్పిందనుకోవడం కూడా పొరపాటు. మార్కో పోలోకు ఆరు వందల ఏళ్ల ముందే చైనా బౌద్ధభిక్షువు ఇత్సింగ్ సుమత్రా మీదుగా తామ్రలిప్తికి వస్తూ దారిలో ‘నగ్నజనుల దేశాన్ని’ చూశాడు. ఆయన 673లో తామ్రలిప్తి చేరాడు. ఆ దేశం నికోబారు దీవులేనని పలువురు పండితుల నిర్ణయం. ఓడ కనబడగానే జనం చిన్న పడవలలో వచ్చి కొబ్బరికాయలు, అరటిపండ్లు, వెదురు, బెత్తపు వస్తువులు ఇచ్చి ఇనుము కోరేవారని ఆయన రాశాడు. ఆ రాతలో తోకలు లేవు, కుక్కతలలు లేవు. ఇనుము దొరకని చోట ఇనుము కోరుకొనే మనుష్యులు ఉన్నారు. రాజేంద్రచోళుని 1025 నాటి నౌకాదండయాత్రను కీర్తించే తంజావూరు శాసనం పేర్కొన్న ‘మానక్కవారం’ కూడా నికోబారే. అక్కడ తేనె నిండిన పూదోటలున్నాయని ఆ శాసనం ప్రశంసిస్తుంది. నన్నయభట్టారకుని పోషకుడైన రాజరాజనరేంద్రుడు ఆ చోళచక్రవర్తికి అల్లుడని తెలుగు పాఠకులకు తెలిసినదే. కనుక నన్నయ నాటికే ఈ దీవుల పేరు మన దేశపు రాజశాసనాలలో వికృతి ఏదీ లేకుండా నమోదై ఉంది.

తోకమనుషుల కథ ఇంకా ఆసక్తికరమైనది. ఎందుకంటే ఇందులో పాత్రధారులు పామర నావికులు కారు, యూరపు మహాపండితులు. నిల్స్ మాట్సన్ కియోపింగ్ అనే స్వీడన్ దేశీయుడు 1647లో డచ్చి ఓడపై నికోబారు చేరినప్పుడు, పడవలలో వచ్చిన జనానికి పిల్లులకువలె తోకలుండటం చూశానని రాశాడు. జీవజాతుల వర్గీకరణకు పునాది వేసిన లిన్నేయస్ శిష్యవర్గంలో ఈ కథకు స్థానం దొరికింది. మనిషికీ వానరానికీ మధ్య ఉండదగిన జీవుల జాబితాలో తోకగల నరుడు కూడా చేరాడు. స్కాట్లండు న్యాయమూర్తి మన్‌బాడో ప్రభువు భాషల పుట్టుకను గూర్చిన తన గ్రంథంలో కియోపింగ్‌ను సాక్షిగా నిలిపాడు. సాక్షి నమ్మదగినవాడా కాదా అని లిన్నేయస్ వద్ద విచారించాడు కూడా. ఆ గ్రంథం మొదటి సంపుటం 1773లో వెలువడింది. సాక్షి మంచివాడైతే సాక్ష్యం నిజమవుతుందన్నది న్యాయమూర్తి తర్కం. మంచివాడు కూడా పొరపాటుగా చూడవచ్చునన్న సంగతి ఆ తర్కంలో ఇమడలేదు.

మన్‌బాడో తోకలను చూసి లండనులో డాక్టర్ జాన్సన్ వంటివారు పరిహసించారు. కాని నమ్మినవారుగాని నవ్వినవారుగాని నికోబారును చూడలేదు. ఒకరి నమ్మకం, మరొకరి అవిశ్వాసం రెండూ గదిలో కూర్చొని చేసుకొన్నవే. చిక్కుముడిని విప్పినది ఒక ఓడ వైద్యుడు. 1778లో ఆస్ట్రియా ఓడలో నికోబారు వచ్చిన నికొలాస్ ఫాంటానా అక్కడి పురుషుల వస్త్రధారణను శ్రద్ధగా వర్ణించాడు. నడుముకు చుట్టి, తొడల నడుమ నుంచి తీసి కట్టుకొనే సన్నని గుడ్డ పేలిక కొస వెనుకవైపు వేలాడుతూ ఉంటుంది. దూరం నుంచి ఓడవారు చూసిన తోక అదే. గోచీ కట్టడం తెలిసిన దేశంలో ఈ పొరపాటు జరిగేది కాదు. ఆ వర్ణన కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పరిశోధనల సంపుటంలో అచ్చయింది.

తోకల కథ నవ్వుతో ముగిసింది. నరమాంసభక్షణ కథ అలా ముగియలేదు. 1857-58లో శిక్షా స్థావరానికి తగిన చోటు నిర్ణయించేందుకు వచ్చిన మౌవట్ సంఘం ఒక అండమాను యువకుణ్ణి పట్టుకొని కలకత్తాకు తీసుకువెళ్లింది. అతనికి దుస్తులు తొడిగారు, ఛాయాచిత్రం తీశారు. ఆరోగ్యం చెడిపోగా తిరిగి తెచ్చి పట్టుకొన్న తీరానే విడిచిపెట్టారు. ఆ తరువాత దీర్ఘకాలం దీవులలో అధికారిగా పనిచేసిన ఇ.హెచ్. మాన్ 1883లో ప్రచురించిన అధ్యయనంలో అండమానువాసులలో నరమాంసభక్షణ జాడ ఏమీ లేదనీ, ఆ మాటనే వారు అసహ్యించుకొంటారనీ స్పష్టం చేశాడు. చనిపోయిన ఆత్మీయుల ఎముకలను, పుర్రెలను వారు హారాలుగా ధరించేవారు. ప్రేమకు గుర్తుగా మోసిన ఎముక చూసేవానికి భోజనశేషంగా కనబడి ఉంటుంది. అయినా 1890లో వెలువడిన షెర్లాక్ హోమ్స్ నవలలో అండమానువాసి విషపు ముళ్లు ఊదే పొట్టి రాక్షసుడిగానే దర్శనమిస్తాడు. పరిశోధన ఏడేళ్లు ముందున్నా పాఠకలోకాన్ని చేరింది నవలే.

ఈలోగా తీరాన మశూచికంవలె పాకిన తట్టు, సుఖవ్యాధులు ఆ జాతిని తినివేశాయి. 1877లో వచ్చిన తట్టు మహమ్మారి ఎందరినో బలిగొన్నది. గ్రేట్ అండమానీలు 1901 జనగణనలో 625 మంది, 1931లో 90 మంది, 1961లో 19 మంది మాత్రమే మిగిలారు. భక్షకులని పేరుపడ్డవారే ఆహుతైపోయారు.

దీవుల లోపలి నుంచి చూస్తే ఇదే కథ తలకిందులుగా కానవస్తుంది. 1906-08 మధ్య అక్కడ అధ్యయనం చేసిన మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1922లో ప్రచురించిన గ్రంథంలో ‘లావు’ అనే మాటను వివరించాడు. అండమాను భాషలలో అది అడవిలో తిరిగే ప్రేతాత్మలకు పేరు. భారతదేశం నుంచి, బర్మా నుంచి వచ్చిన మనుష్యులను కూడా దీవివాసులు ఆ పేరుతోనే పిలిచేవారు. ఓడమీది మనిషి తీరాన శునకముఖుణ్ణి చూశాడు, తీరంమీది మనిషి ఓడలో ప్రేతాన్ని చూశాడు. ఇద్దరి భయానికీ మూలం ఒకటే. అయితే ఒకరి చేతిలో తుపాకి, మరొకరి చేతిలో విల్లు ఉండటంవల్ల ఆ రెండు నమ్మకాల ఫలితాలు సమానం కాలేదు.

మరి ఈ దీవులలో లోకం ఎరుగని జీవులు లేవా? ఉన్నాయి. ఏడు చదరపు కిలోమీటర్ల విస్తీర్ణమైనా లేని నార్కండం దీవిలో తప్ప మరెక్కడా సహజంగా కానరాని హార్న్‌బిల్ పక్షిని 1873లో అలెన్ హ్యూమ్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. గ్రేట్ నికోబారులో హుమాయూన్ అబ్దులాలీ సేకరించిన రెండు నమూనాలను పరిశీలించి, 1998లో పమేలా రాస్ముస్సేన్ ఒక గుడ్లగూబను కొత్త జాతిగా ప్రకటించింది. 2021లో అదే నార్కండం నుంచి ఒక చుంచెలుక కొత్తగా జాబితాకెక్కింది. 2011లో గ్రేట్ నికోబారులో ఛాయాచిత్రాలకు చిక్కిన ఒక నీటికోడి వంటి పక్షిని చూసి నిపుణులు కొత్త జాతి కావచ్చునని మాత్రమే అన్నారు. ఆ ‘కావచ్చును’ అన్న మాటలోనే విజ్ఞానానికీ వినికిడికీ ఉన్న తేడా ఉంది. సంశయమంటే కొత్తదానిని కాదనడం కాదు. నమూనా వచ్చేదాకా తలుపు తెరచి ఉంచి, తీర్పును ఆపి ఉంచడం.

జనం విషయంలో ఆ నిగ్రహం ఇంకా ఎక్కువ అవసరం. 2011 జనగణన ప్రకారం ఈ దీవులలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీవిజయపురంగా 2024లో పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన కుటుంబాలకు ఈ దీవులు ఇప్పుడు వింత దేశం కాదు, స్వస్థలం. ఆ నగరానికి పడమట, ఎంతో దూరం కాని ఉత్తర సెంటినల్ దీవి జనం మాత్రం బయటివారిని రానీయరు. 1956 నాటి ఆదిమజాతుల సంరక్షణ నిబంధన వారికి అండగా ఉంది. వారిని గురించి నేటికీ ‘క్రూరులు’ అన్న మాట పత్రికలలో అలవోకగా దొర్లుతుంది. కాని 1991 జనవరి 4న ఆంథ్రొపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా బృందం పడవలో వెళ్లినప్పుడు, ఆ ‘క్రూరులు’ ఆయుధాలు పక్కనపెట్టి నీళ్లలోకి నడచి వచ్చి కొబ్బరికాయలు అందుకొన్నారు. పదమూడు శతాబ్దాల కిందట ఇత్సింగ్ చూసినదీ నీటిమీద కొబ్బరికాయల ఇచ్చిపుచ్చుకోలే. ఈ రెండింటి నడుమ లోకం ఆ తీరాలపై చూసిన కుక్కతలలు, తోకలు చూసినవారి కళ్లలోవే.