వేదనకు మాట

దక్షిణ బస్తరులోని బీజాపూరు ప్రాంతము పలు భాషలు కలియు నేల. 1948లో బస్తరు సంస్థానము భారతదేశమున విలీనమైనది. తరువాత మధ్యప్రదేశములో భాగమైన ఈ ప్రాంతము 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు చేరి, 2007లో ప్రత్యేక జిల్లా అయినది. కచేరీ కాగితముల భాష హిందీ. ఇంటి భాషలు గోండీ, దోర్లీ, హల్బీ. గోదావరి వైపున, భోపాలపట్నము చెంత, తెలుగు. ఇట్టి చోట రోగి మాట వైద్యుని చెవి చేరుటకు ముందు ఒకటి రెండు భాషలు దాటవలసి వచ్చును. దాటునపుడు జారిపోవునది ఏది?

వేదనకు పేర్లు పెట్టుట క్రొత్త పని కాదు. సుశ్రుతసంహితయందు వ్రణవేదనలు వేరువేరుగ పేర్కొనబడినవి: గ్రుచ్చినట్టిది తోదనము, చీల్చినట్టిది భేదనము, కాల్చినట్టిది నిర్దహనము. ఏ వేదన ఏ దోషమును సూచించునో కూడ అందు కలదు. రోగి మాటను పట్టుకొని రోగమూలమునకు పోవుట మనకు పాత మార్గమే.

ఆధునిక కాలమున కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన రోనాల్డ్ మెల్జాక్ 1975లో 78 ఇంగ్లీషు పదములను 20 వర్గములుగ కూర్చి వేదనా ప్రశ్నావళిని ప్రకటించెను. అది పలు భాషలకు ప్రాకినది. ఫిన్లాండు పరిశోధకులు కేటోవూరి, పోంటినెన్ 1981లో తమ ప్రశ్నావళిని వెలువరించినపుడు దానికి ఫిన్నిష్ వేదనా పదకోశమని పేరు పెట్టిరి. ఆ పేరులోనే పాఠమున్నది: ముందు మన భాషలో బాధపడువాడు ఏమనునో తెలిసికొనవలెను, ప్రశ్న తరువాతి మాట.

ఈ పాఠమును మరచినచో కలుగు నష్టమును ఒక చిన్న ప్రశ్నావళి చక్కగ చూపును. నరముల దెబ్బ వలన కలుగు నొప్పిని గుర్తించుటకు 2005లో ఫ్రాన్సున బుహస్సిరా బృందము డి.ఎన్.4 అను పట్టికను రూపొందించినది. అందు పది అంశములు. నాలుగు గాని అంతకు మించి గాని నిజమైనచో అది నరముల నొప్పి కావచ్చునని తలతురు. చీమలు ప్రాకినట్లుండుట, సూదులు గ్రుచ్చినట్లుండుట, మొద్దుబారుట అందు మూడు వేరు అంశములు. హిందీలో మొదటిదానికి ఝున్‌ఝునీ, చివరిదానికి సున్న్ అని వేరు మాటలున్నవి. తెలుగువాడు రెంటికిని తిమ్మిరి యనును. అనువాదకుడు రెండు చోట్ల ఆ మాటనే వ్రాసినచో ఒక బాధ రెండు లెక్కలకెక్కును. ఒకచోటనే వ్రాసినచో స్పర్శ పోయిన కాలు లెక్కకు రాకుండ పోవును. కుష్ఠురోగమునను మధుమేహమునను ఆ స్పర్శ పోవుటయే ముఖ్యమైన గుర్తు!

మరియొక అంశము నొప్పి కలిగించు చలి. దానిని చల్లదనమని వ్రాసితిమా, తెలుగు రోగి తల అడ్డముగ ఊపును. ‘చల్లగ నుండు’ మని దీవించు భాషలో చల్లదనము బాధ ఎట్లగును? ఎముకలు కొరుకు చలి అన్నచో వానికి తెలియును.

అనువాదమును తిరిగి మూలభాషలోనికి మరలించి పోల్చు పద్ధతిని 1970లో బ్రిస్లిన్ వివరించెను. అది అవసరమే, కాని చాలదు. మరలించువాడు కూడ చదువుకొన్నవాడే. తిమ్మిరిని సందర్భమును బట్టి సరిదిద్ది వ్రాయును, తప్పు దాగిపోవును. అందుచేతనే 2000లో బీటన్ మున్నగువారు, పట్టికను ముప్పది నలుబది మందికి ఇచ్చి వారేమి గ్రహించిరో అడిగి తెలిసికొనుమనిరి. పిమ్మట దాని ఫలితము వైద్యుని నిర్ణయముతో కలియునా, మరల అడిగినచో అదే జవాబు వచ్చునా అని చూడవలెను. దీనినే ప్రామాణ్య పరీక్ష యందురు.

హిందీ తెలుగుల నడుమ ఏండ్ల తరబడి తిరిగిన నాకు ఇందు క్రొత్త నీతి కనబడలేదు, పాత నీతి మరింత కఠినముగ కనబడినది. కావ్యమున మాట తప్పినచో పాఠకునకు రసభంగము. ఇచట తప్పినచో మందు తప్పును. బీజాపూరులో హిందీ కాగితము ఒక్కటి చాలదు; భోపాలపట్నపు తెలుగు వేరు, అడవి గ్రామపు గోండీ వేరు. ప్రతి భాషలోను ముందు రోగి ఎదుట కూర్చుండి ‘ఎట్లున్నది?’ అని అడిగి, వాడన్న మాటనే వ్రాసికొనవలెను. అనువాదము అచట మొదలగును.