డంగు సున్నం ఓడిందెక్కడ?

రాయచూరు జిల్లా గబ్బూరులో పాత గుళ్ల గోడలు చూస్తూ సున్నం చరిత్ర వెతికితే ముందుగా కనిపించేది సున్నం లేకపోవడమే. చాళుక్యుల నాటి ఆ పనితనంలో రాయి మీద రాయి తన బరువుతోనే కూర్చుంటుంది. రాయచూరు కోట లోపలి గోడా అంతే. కాకతీయ సామంతుడు గోన గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు 1294లో కట్టించిన ఆ గోడలో బండల మధ్య అతుకు లేదు. అక్కడే 41 అడుగులు దాటిన ఒకే రాతి మీద శాసనం ఉంది. అంత రాయిని బండికెక్కించి పశువులతో లాగిస్తున్న బొమ్మా చెక్కి ఉంది. అంత ఓపికా బలగమూ ఉన్నవాళ్లకు సున్నంతో పనేముంది? చిన్న రాళ్లూ, ఇటుకలూ, కమానులూ, గుమ్మటాలూ వచ్చిన బహమనీ, ఆదిల్‌షాహీ కాలాల్లోనే సున్నపు గచ్చుకు గిరాకీ పెరిగింది. కాబట్టి సున్నం పనిని అనాది వృత్తి అనేసి కన్నీళ్లు పెట్టుకోవడం తొందరపాటే.

సిమెంటు గట్టిది కనక సున్నం పోయిందనే మాటా అంతే తొందరపాటు. హోస్పేట దగ్గరి తుంగభద్ర ఆనకట్టకు 1945లో పునాది పడి, 1953కి పని పూర్తయింది. సిమెంటు బజారులో ఉన్న రోజుల్లోనే దాని రాతికట్టుకు సున్నం, సుర్కీ (ఇటుకపొడి) వాడారు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు తెగింది ఇనుప గొలుసు, రాతికట్టు చెక్కుచెదరలేదు. ఆనకట్టను నిలబెట్టేది రాళ్ల బరువే కదా అనవచ్చు, నిజమే. అయితే సందుల్లోంచి ఊట రాకుండా ఆపేది బరువు కాదు. ఉత్త సున్నం నీళ్లలో గట్టిపడదన్నదీ నిజమే. ఇటుకపొడి కలిపేది అందుకే.

సున్నం ఓడింది కాలం దగ్గర. సున్నపురాయిని కట్టెలతో పేర్చి కాల్చాలి. నీళ్లు పోస్తే బుసబుసా పొంగి పొడవుతుంది. దాన్ని గానుగ కాలవలో వేసి, ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద వెన్నలా నూరితే డంగు సున్నం. గోడలో అది పూర్తిగా బిగియడానికి నెలలు, లావు గోడైతే ఏళ్లు. సిమెంటు మర్నాటికే బిగుస్తుంది, ఏ బస్తా విప్పినా దాదాపు ఒకటే. గుత్తేదారుకు ఇంతకన్నా ఏం కావాలి? చిత్రమేమిటంటే 1904లో మద్రాసులో మన దేశపు మొదటి సిమెంటు ప్రయత్నం సముద్రపు గుల్లలతోనే జరిగింది. గబ్బూరుకు ఉత్తరాన వాడి పట్టణంలోని సిమెంటు కర్మాగారం ఇప్పటికీ సున్నపురాయినే కాలుస్తోంది, పాత బట్టీ 900 డిగ్రీలకు బదులు 1,450 డిగ్రీల దగ్గర.