నల్లరాళ్ల నడుమ రేవలచిన్ని

ఉత్తర సిక్కింలో లాచెన్ లోయకు పైన, సుమారు 4,200 మీటర్ల ఎత్తున మీరు నిలబడ్డారు. జూలై నెల. నాలుగడుగులేస్తే ఆయాసం. ఇంతసేపూ ముసురు పట్టిన మబ్బు ఉన్నట్టుండి విడిపోయింది. గాలి చలిగానే ఉంది, బుగ్గలు మాత్రం చుర్రుమంటున్నాయి. వెయ్యి మీటర్లు ఎక్కినకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది మరి.

చుట్టూ ఉన్న మొక్కలన్నీ నేలను కరుచుకునే ఉన్నాయి. ఎదుటి నల్లటి బండల మీద మాత్రం లేతపసుపు స్తంభాల్లా ఏవో నిటారుగా లేచాయి. 19వ శతాబ్దంలో ఇక్కడ తిరిగిన జోసెఫ్ హుకర్‌కు ఇవి మైలు దూరం నుంచే కనిపించాయట. మనకు తెలిసిన రేవలచిన్ని జాతే. పేరు రియమ్ నోబిలే.

దగ్గరికి వెళ్లండి. మొక్క ఇంచుమించు మీ భుజం దాకా ఉంది. అడుగున మామూలు పచ్చటి ఆకులు. పైనంతా పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలిన పసుపు రేకులు. పుచ్ఛాలంటారు వీటిని. ఒకదాని వెనక చెయ్యి పెట్టి చూడండి: వేళ్ల నీడ తెలుస్తోంది కదూ! పత్రహరితం లేదు కాబట్టి వెలుగు దాటి వస్తోంది. అందులో అతినీలలోహితం మాత్రం దాదాపు లేదు. రూటిన్ లాంటి ఫ్లేవనాయిడ్ రంగుపదార్థాలు దాన్ని దారిలోనే పీల్చేశాయి. అవే లేకపోతే ఆ కిరణాలు లేత కణాల్లోకి దూరి, డీఎన్ఏలో పక్కపక్కనున్న థైమిన్లను అతికించేస్తాయి. వెచ్చదనాన్నిచ్చే వెలుగును రానిచ్చి, హాని చేసేదాన్ని ఏరి ఆపే ఈ నేర్పు చూస్తే నాకు ఎంతకీ ఆశ్చర్యం తీరదు.

అంచు కాస్త ఎత్తండి, మెల్లగా. లోపల వెచ్చగా ఉంది. గుత్తులుగా చిన్న చిన్న పూలు, వాటి మీద నలకంత ఈగ. పుప్పొడిని మోసేది అదే. గుడ్లు పెట్టేదీ ఈ పూలలోనే. పుచ్ఛాలు తీసేసి చూసిన పరిశోధకులకు గింజల దిగుబడి తగ్గిపోయినట్టు తేలింది.

ఇంత కాపుదల ఎందుకంటే, ఈ మొక్క ఏళ్ల తరబడి నేలబారున పెరిగి, ఒకే ఒక్కసారి పూసి చచ్చిపోతుంది. దీని పుల్లటి కాడను స్థానికులు తింటారని హుకర్ రాశాడు. మీరు మాత్రం కోయకండి. గింజ పట్టేదాకా ఉండనివ్వండి.