జల్దరు పండు – మన పెరటి పండు



నేడు నేను ముచ్చటింపబోవు పండు మన సీమలో పండునది కాదు. కర్నూలులో గాని కడపలో గాని ఎండుఫలముల అంగడికి పోయినచో ద్రాక్ష, ఖర్జూరము, అంజూరముల ప్రక్కన ముడుతలు పడిన గోధుమరంగు పండొకటి కానవచ్చును. అంగడివారు దానిని ఖుబానీ అందురు. పారసీక భాషలో దానికి జర్దాలు అని పేరు. జర్ద్ అనగా పసుపుపచ్చ; ఆలు అనగా ఆల్‌బుఖారా జాతి పండు. ఆ మాటయే తెలుగున జల్దరు అయినది. ఇంగ్లీషువారు దీనిని ఆప్రికాటు అందురు. ఈ పండు కన్నులకు మేలనియు, రక్తము పట్టించుననియు, ఆయువు పెంచుననియు లోకులు చెప్పుకొందురు. ఇందు గట్టి యెంత, పొల్లు యెంత అని పలువురు నన్ను అడిగిరి. దీని చరిత్ర తెలిసినగాని దీని గుణము చక్కగా బోధపడదు. ఆ చరిత్ర మన కరవుసీమ కథకు దగ్గరిచుట్టము.

ఈ చెట్టు పుట్టినిల్లు చైనా, మధ్య ఆసియా కొండప్రాంతములు. వర్తకుల మూటలలో పడమటికి సాగి పారసీకమును, ఆర్మీనియాను చేరెను. ఆర్మీనియాయే దీని జన్మభూమి యని ఐరోపావారు తలచుటచే, శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో ఆ దేశనామమే నిలిచిపోయినది. మొగలు వంశమునకు మూలపురుషుడైన బాబరు తన స్వీయచరిత్రలో, తాను పుట్టిన ఫర్గానా సీమలోని మర్గిలాను పట్టణపు జల్దరు పండ్లను మెచ్చుకొనెను. అచ్చటివారు గింజను తీసి, ఆ చోట పప్పు పెట్టి ఎండబెట్టుదురనియు, దానికి సుభానీ అని పేరనియు వ్రాసెను.

మన కర్నూలు నవాబులు పఠానులు. 1839లో కుంఫిణీవారు కడపటి నవాబును తొలగించువరకు వారి యేలుబడి సాగెను. 1779లో హైదరాలీ గైకొనువరకు కడపను ఏలిన మయానా నవాబులును పఠానులే. వారి పూర్వుల సీమయగు ఆఫ్గను కొండలలో జల్దరు పెరటిచెట్టు. అట్టి సీమలనుండి ఎండి వచ్చిన పండు దక్కనులో రాచవంటలకు ఎక్కెను. హైదరాబాదులో పెండ్లివిందులకు వడ్డించు ఖుబానీ కా మీఠా ఆ సంప్రదాయమునకు నేటికిని సాక్షి.

పండు వచ్చినదే గాని చెట్టు మాత్రము మన యొద్దకు రాలేదు. చలికాలమున చాలినంత కాలము గట్టి చలి తగిలిననే దాని మొగ్గ మేలుకొని పూతకు వచ్చును. కాశ్మీరములో, లడఖులో, హిమాచల ప్రదేశములో ఆ చలి కలదు. నంద్యాలలో, ప్రొద్దుటూరులో లేదు. కాబట్టి జల్దరు మనకు ఎన్నటికిని కొనుగోలు పండే.

పండనిదానితో మనకేమి పని అని మీరు అడుగవచ్చును. పనియున్నది. కడుపు నింపునది వేరు, దేహమును కాపాడునది వేరు అను పాఠమును మన సీమ మిక్కిలి ప్రియమైన వెలకు నేర్చుకొన్నది. ఆ వెల 1876 మొదలు 1878 వరకు పట్టిన ధాత కరవు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు అందు ఘోరముగా దెబ్బతినెను. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లా జనము సుమారు నాలుగవ వంతు తగ్గిపోయెను. అట్టి కాలమున, కరవుపనులలో రాళ్లు కొట్టు కూలివానికి ఎంత తిండి చాలును అను వాదము పుట్టెను. ప్రభుత్వము పంపిన సర్ రిచర్డు టెంపులు, మగవానికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, దానిపై ఒక అణాయు చాలుననెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు అది చాలదని ఎదిరించెను. కష్టపడి పనిచేయువానికి ధాన్యము హెచ్చుగా కావలెననియు, ధాన్య మొక్కటే గాక పప్పును కూరయు కావలెననియు ఆయన వాదము. తుదకు కూలి కొంత హెచ్చింపబడెను గాని, అప్పటికే అనేకుల ప్రాణములు పోయినవి. ఆకలి యనగా ధాన్యము లేమి యొక్కటే కాదని, మన దక్షిణదేశమున దొరతనమువారి కాగితములకు ఎక్కిన గొప్పవాదము ఇది.

ధాన్యమునకు తోడు కావలసినదేదో కార్నిషు గ్రహించెను గాని, అందలి మూలపదార్థము ఏమో ఆనాటి శాస్త్రమునకు తెలియదు. దానిని వెదకినవారిలో ఒకడు డాక్టరు రాబర్టు మెకారిసను. ఈయన 1904 మొదలు 1911 వరకు హిమాలయముల కావల గిల్గిత్తు సీమలో వైద్యుడుగా ఉండెను. ఆ ప్రాంతమందలి హుంజా జనులు దృఢకాయులై, కొండలెక్కుటలో అలుపెరుగక యుండుట ఆయన చూచెను. వారి ఆహారము గోధుమ, యవలు, కూరలు, కొంచెము పాలు. వీటితో ఏడాది పొడవునను జల్దరు పండ్లు, వేసవిలో పచ్చివి, శీతకాలమున ఎండినవి. పిమ్మట ఆయన మన పూర్వపు మద్రాసు రాజధానిలోని కూనూరు చేరి, 1918లో ఒకే గదిలో ఆహారలోపముల వలన కలుగు వ్యాధులను పరిశోధింప నారంభించెను. ఎలుకలకు ఆయా ప్రాంతముల జనుల తిండి పెట్టి పెంచగా, గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలు, పండ్లు గల పంజాబు సిక్కుల భోజనము తిన్నవి బాగుగా పెరిగెను. తెల్లబియ్యము మెండుగా గల మద్రాసు భోజనము తిన్నవి వెనుకబడెను.

కూనూరు పరిశోధనశాలలో ఆయన తరువాత పెద్దయైన డాక్టరు ఎక్రాయిడు, 1937లో మన దేశపు ఆహారపదార్థముల గుణములను పట్టికలుగా కూర్చి ప్రకటించెను. ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యని పేరు గాంచెను. ఒక్క గదిలో మొదలైన పని మన తెలుగునేలకే చేరినది.

ఇక జల్దరు పండులో ఏమున్నదో చూతము. దాని పసుపుపచ్చ రంగు కెరోటిను అను పదార్థము. 1913లో విటమిను ఏ కనుగొనబడెను. కెరోటిను మన దేహములో ఆ విటమినుగా మారునని 1930 నాటికి రూఢియయ్యెను. అది చాలనిచో ముందు రేచీకటి కలుగును; పిదప కంటి తెల్లగుడ్డు తడియారును; ముదిరినచో నల్లగుడ్డు కరగి పసిబిడ్డ శాశ్వతముగా గ్రుడ్డిదగును. 100 గ్రాముల పచ్చిజల్దరులో ఇంచుమించు 1 మిల్లీగ్రాము కెరోటిను ఉండును. ఎండినదానిలో నూటికి సుమారు 3 మిల్లీగ్రాముల ఇనుము, 7 గ్రాముల పీచు, మెండుగా పొటాసియము ఉండును. పీచుచే విరేచనము సుఖముగా అగును. వృద్ధులకు ఇది నిజమైన మేలు. రాత్రి నాలుగైదు పండ్లు కడిగి నానవేసి, ఉదయము నీళ్లతోసహా తిన్న చాలును.

అయితే ఎండినదానిలో బరువున ఇంచుమించు సగము చక్కెరయే. మధుమేహము గలవారు లెక్కగా తినవలెను. మూత్రపిండములు చెడినవారికి పొటాసియము హాని చేయును. వారు వైద్యుని అడుగక తినరాదు. నారింజవన్నెతో మిలమిలలాడు పండ్లకు గంధకపు ధూమము పట్టింతురు. ఉబ్బసము గలవారికి అది పడకపోవచ్చును. వారికి గోధుమరంగు పండే మేలు.

ఇక పొల్లు సంగతి. హుంజావారు నూరేండ్లు దాటి, నూటయిరువదేండ్లు బ్రతుకుదురనియు, అది జల్దరు మహిమయనియు ఒక కథ లోకమెల్ల ప్రాకినది. జనన మరణముల లెక్కయే లేని సీమలో వయస్సు ఎవరు నిర్ణయించిరి? వారికిని రోగములు కలవని, కోతకు ముందు నెలలలో తిండి చాలక బాధపడుదురని పిమ్మట అచ్చట నివసించినవారు చూచి చెప్పిరి. రెండవ కథ ఇంకను ప్రమాదకరము. జల్దరు గింజలోని పప్పు పుట్టకురుపును, అనగా క్యాన్సరును, మాన్పునని కొందరు చాటి అమ్మిరి. 1982లో అమెరికాలో మేయో వైద్యాలయము మొదలగు చోట్ల 178 మంది రోగులకు ఆ మందు ఇచ్చి పరీక్షించిరి. గుణమేమియు కనబడలేదు, కొందరికి విషలక్షణములు కనబడెను. చేదుపప్పు కడుపులో చేరినపుడు సైనైడు అను విషము పుట్టును. బాదమువలె ఉన్నదని పిల్లలకు పెట్టకుడు.

మనకు మిక్కిలి ముఖ్యమైన మాట ఇప్పుడు చెప్పెదను. విటమిను ఏ లేమిచే కండ్లు పోగొట్టుకొన్న బిడ్డలు మన దేశమున లక్షలసంఖ్యలో ఉండిరి. హైదరాబాదు సంస్థవారి పరిశోధనల ఆధారముతో, 1970లో ప్రభుత్వము ఆరుమాసముల కొకమారు పిల్లలకు 2,00,000 యూనిట్ల విటమినును నోటిలో పోయు పథకము ప్రారంభించెను. ఆ పథకముచేతను, తిండి మెరుగుపడుటచేతను ఆ గ్రుడ్డితనము నేడు చాల తగ్గినది. కాని చుక్కల మందు తాత్కాలికపు ఊతకర్ర. దినదినము నడిపించు కాలు బిడ్డ తినెడి కంచములోనే ఉన్నది.

ఆ కంచమున పెట్టుటకు కాశ్మీరము పోనక్కరలేదు. 1948 వరకు సంస్థానమై యుండిన బనగానపల్లె పేర ప్రసిద్ధికెక్కిన మామిడి 2017లో భౌగోళిక గుర్తింపు పొందెను. దాని గుజ్జులోని పసుపుపచ్చయు కెరోటినే. బరువుకు బరువు చూచిన జల్దరుకంటె కొంత తగ్గవచ్చును. కాని జల్దరు పండొకటి 35 గ్రాములు తూగిన, బనగానపల్లె పండు దానికి అనేక రెట్లు తూగును. కోడూరు ప్రాంతపు బొప్పాయి సంవత్సరము పొడవున దొరకును. అన్నిటికంటె మిన్న మునగాకు. అందలి కెరోటిను జల్దరుకంటె అనేక రెట్లు హెచ్చు. నీరెండిన మెట్టనేలలోను దొడ్డిలో ఒక మునగకొమ్మ నాటిన చాలు, చిగిర్చును. కెరోటిను ఒంటబట్టుటకు నూనె గాని నెయ్యి గాని కావలెను గనుక, ఆకును ఒక చెంచా నూనెతో వేచి సంగటిలో నంజుకొనుట మన పెద్దల వంటకములకు తగినట్టిదే. ఇనుము ఒంటబట్టుటకు నిమ్మకాయయో చీనీకాయయో తోడుండవలెను.

ఎండబెట్టి దాచుకొను విద్యను జల్దరు దేశమువారినుండి మనము నేర్వనక్కరలేదు. మామిడితాండ్ర మనదే. అయితే ఒక్క మాట: ఎండ సూటిగా తగిలినకొద్ది కెరోటిను నశించును. పలుచని బట్ట కప్పి ఆరబెట్టి, చీకటిచోట దాచినచో నష్టము తగ్గును.

పెద్దలారా! పై యూరి పండు తినవద్దని నేను చెప్పుట లేదు. కొనగలవారు కొని తినుడు, మేలే. కొనలేనివారి బిడ్డకు ఆ మేలు దక్కదని మాత్రము తలపకుడు. మీ యూరి పిల్లలలో సందెవేళ తడబడి నడచువారు, చీకటిలో గిన్నె కానక వెదకువారు ఉన్నారేమో కనిపెట్టుడు. అట్టివారిని వెంటనే ఆరోగ్యకేంద్రమునకు పంపుడు. ఇంటికొక మునగకొమ్మ, వీధికొక బొప్పాయి మొక్క నాటింపుడు. ధాత కరవున మన పూర్వులకు దొరకని రక్షణ నేడు మన దొడ్డిలోనే దొరకును. దానిని బిడ్డ నోటికి చేర్చుట మీ చేతిలోని పని.